తాటిగెడ్డ కొలత

గొలుసులో అరవై మూడో కడియం దగ్గర రూఫస్ చెయ్యి ఆగింది. అక్కడ సన్నగా తుప్పు లేచింది. ఆముదంలో తడిపిన గుడ్డపీలికతో రెండుసార్లు తుడిచి, గోటితో గీకి చూసుకుని, తర్వాతి కడియం పట్టుకున్నాడు. ఇరవై మీటర్ల సర్వే గొలుసు అది. నూరు కడియాలు, రెండు కొసలా ఇత్తడి పిడులు. ప్రతి శుక్రవారం పొద్దున్న, అనకాపల్లి మునిసిపల్ ఆఫీసు తలుపులు తెరవకముందే, వెనక వరండాలో చతికిలబడి దానికి నూనె పట్టిస్తాడు. ఆ గొలుసు నేలమీద పరిచి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు కొలతలకి మూడు కాళ్ళ మిషను వచ్చింది. అయినా చైన్‌మన్ అన్న ఉద్యోగం ఉన్నంతకాలం చైను తుప్పు పట్టకూడదని అతని పట్టుదల.

రూఫస్‌కి యాభై ఏడేళ్ళు. సన్నటి మనిషి. మెడమీద చర్మం ఎండకి కాలి కాలి మందమైంది. కుడిభుజం ఎడమభుజం కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. ఇరవై అయిదో ఏట మస్టరు కూలీగా చేరినప్పుడు ఆ భుజంమీద గొలుసు వేసుకున్నాడు. పన్నెండేళ్ళకి పర్మనెంటయ్యాడు. ఇంకో పది నెలల్లో రిటైరవుతాడు. ఈలోగా ఊరు అతని కళ్ళముందే పెరిగిపోయింది. ఇవాళ మేడలున్న కాలనీల్లో చాలావాటిలో ఒకప్పుడు అతను చెరకు మొదళ్ళు తొక్కుకుంటూ గొలుసు లాగాడు. ఏ వీధి ఎన్ని గొలుసుల పొడవో పటం చూడకుండా చెప్పగలడు. అతనికి మాత్రం సెంటు నేల లేదు. గవరపాలెంలో రెండు గదుల అద్దె వాటా, భార్య పుష్పకుమారి, ఎలమంచిలిలో టీచరుగా చేస్తున్న కూతురు జాయ్స్, ఆదివారం చర్చి. అంతే.

ఆ పొద్దున్న బయల్దేరుతుంటే పుష్పకుమారి గడపలో అడ్డం నిలబడింది.

"డాక్టరుగారేటి సెప్పేరు? ఎండలో తిరగొద్దన్నారా లేదా? నాలుగు మెట్లెక్కితే రొప్పుతన్నారు."

"ఆఫీసులో ఫ్యాను కింద కూకుంటాను. ఎండలో నాకేటి పని?" అన్నాడు రూఫస్.

అది అబద్ధమేమీ కాదు. అప్పటికి అతనూ అలాగే అనుకున్నాడు.

తలుపులు తెరిచాక అతని అసలు పని మొదలైంది. హాల్లో మేకుకి పటం తగిలించడం. నెలరోజులుగా రోజూ అదే పని. ఊరికి రాబోయే ఇరవై ఏళ్ళకి వేసిన ప్లాను అది. రెండువేల ఆరు మే నెలలో, జనం చూసి అభ్యంతరాలు చెప్పుకోవడానికి దాన్ని అక్కడ పెట్టారు. హైదరాబాదులో ఏదో కన్సల్టెన్సీ వాళ్ళు ఉపగ్రహం ఫొటో మీద గీసి పంపించారు. ఇళ్ళకి పసుపు, దుకాణాలకి నీలం, పొలాలకి ఆకుపచ్చ, పరిశ్రమలకి ఊదా. గడువు ఇవాళ సాయంత్రం అయిదింటికి తీరిపోతుంది.

పటం పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి వాళ్ళ సర్వే నంబరు ఎక్కడుందో చూపించడం రూఫస్ డ్యూటీ. సర్వే నంబరు తెలియనివాళ్ళకి కూడా చూపించగలిగేది అతనొక్కడే. "కన్నబాబు కళ్ళానికి ఉత్తరంగా" అంటే చాలు, వేలు సూటిగా అక్కడికే వెళ్తుంది.

పదింటికి అప్పలకొండమ్మ వచ్చింది. ఊరికి తూర్పున దిబ్బపాలెంలో ఎకరన్నర చెరకు సాగుచేసుకునే విధవరాలు. అరవై అయిదు దాటినా నిటారుగా నడుస్తుంది. ఈ నెలలో ఆమె రావడం ఇది ఆరోసారి.

"మాది ఇంకా ఊదాలోనే ఉన్నాదా, రూపస్ బాబూ?"

"అక్కడే ఉన్నాది, అప్పా," అన్నాడు రూఫస్, అక్కని పిలిచినట్టు.

ఆమె పటానికి బాగా దగ్గరికి వెళ్ళి, ఆ రంగుని వేలితో తాకి చూసింది. "బూమి తీసుకుంటే తీసుకుంటారు. నానేటి సెయ్యగలను? మరి గెడ్డనేటి సేత్తారు? గెడ్డ పూడ్సేసి కంపెనీలు కడితే ఆ నీలు ఎటెల్తాయి? పాలెం మీదకే కదా?"

తాటిగెడ్డ వాగు రూఫస్‌కి తెలుసు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి, పశువులు నడిచే దారిలా ఉంటుంది. వానలు ముదిరితే పైనున్న మెట్టల నీళ్ళన్నీ మోసుకుని, రోడ్డు కింద కలవర్టు దూరి శారదానదిలో కలుస్తుంది. పదహారేళ్ళ క్రితం ఒక తుఫానుకి అది ఒక్క పూటలో మనిషి లోతు నిండింది. గేదెల్ని విప్పడానికి వెళ్ళిన అప్పలకొండమ్మ భర్త తిరిగి రాలేదు. మర్నాడు కలవర్టు నోట్లో తుప్పలు తొలగించి అతన్ని బయటికి తీసినవాళ్ళలో రూఫస్ ఒకడు. పాత గ్రామపటంలో ఆ గెడ్డ చుక్కల గీతగా ఉండేది. నకలు మీద నకలు ఎత్తేసరికి చుక్కలు చెదిరిపోయాయి. కొత్త పటంలో ఆ చోటంతా ఊదాయే.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు క్రాంతికుమార్ పదకొండింటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్థుడు. కళ్ళకింద నల్లటి వలయాలు. రూఫస్ అతని గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, ఆ ఊదాలో తాటిగెడ్డ ఉందండి."

"ఇది నాలుగోసారి చెప్పడం, రూఫస్ గారూ." అతను కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. "చూడండి. అంతా చెరకే. వాగెక్కడుంది?"

"ఏసవిలో తీసిన ఫొటో అండి. అప్పుడది ఎండిపోతాది. సూసినోళ్ళు డొంకనుకుంటారు."

"నేను నమ్ముతాను. నేను నమ్మితే సరిపోతుందా? ఫ్యాక్టరీలకి నాలుగు చోట్లు వెతికాం. ఒకవైపు రైలుకట్ట, ఒకవైపు ఊరు, ఇంకోవైపు కొండ. ఇక్కడ కూడా కాదంటే ఎక్కడ పెట్టాలి చెప్పండి. మన పిల్లలకి ఉద్యోగాలు వద్దా?"

"పెట్టొద్దని కాదండి. గెడ్డకి తోవ ఒగ్గమని."

క్రాంతికుమార్ తెర మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు. "నోటిమాట అభ్యంతరాలు వినే కమిటీలో నిలబడదు. పొలిమేర రాయి దగ్గర్నుంచి కలవర్టు దాకా కొలిచిన స్కెచ్ కావాలి. దిబ్బపాలెం ఆవిడ అభ్యంతరంగా, వేలిముద్రతో అయిదింటిలోపు నా బల్లమీద ఉండాలి. మిషను తీసుకుని సర్వేయరు గొలుగొండ వెళ్ళాడు. సోమవారం గాని రాడు."

"గొలుసు ఉందండి."

ఆఫీసరు అతనివైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి ఎండవైపు చూశాడు. "నేను వెళ్ళమని చెప్పలేను. ఇది ఆఫీసు పని కాదు. వెళ్ళొద్దనే అంటాను. వెళ్ళేదైతే సగం రోజు సెలవు రాసి వెళ్ళండి."

రూఫస్ సెలవుచీటీ రాసిచ్చాడు.

ఆటోలో దిబ్బపాలెం చేరేసరికి ఒంటిగంట. అప్పలకొండమ్మ దొడ్లో సరుగుడు కర్రలు మూరెడు మూరెడు ముక్కలుగా నరికి, మొనలు చెక్కి మోపు కట్టాడు. దూరానికి కనబడాలంటే ఆమె తన పాత ఎర్రచీర చించి పీలికలిచ్చింది. వాటిని ఒక్కో కర్రకీ ముడేశాడు. అన్నం తిని కదలమంటే వద్దన్నాడు. పొలిమేర రాయి చుట్టూ ఉన్న గడ్డి తొక్కి, రాయి నెత్తిన చెయ్యి వేశాడు. కాలుతోంది.

"ఈ పిడి రాయికి ఆనించి పట్టుకో, అప్పా. నాను బిగించి లాగుతాను. కదిపీకు."

"గేదెలు లాగితేనే కదల్లేదు, నువ్వు లాగితే కదులుతానేటి?" అందామె.

గొలుసు గలగలమంటూ ఎండిన గెడ్డలో పరుచుకుంది. రూఫస్ ముందు, ఆమె వెనక. గొలుసు పొడవు తీరిన చోట అతను చిన్న గుర్తు పెడతాడు. ఆమె వచ్చి ఆ గుర్తుమీద తన పిడి ఆనిస్తుంది. గెడ్డ మెలిక తిరిగిన ప్రతిచోటా ఒక కర్ర దిగుతుంది. ఎడమ గట్టు ఎంత దూరం, కుడి గట్టు ఎంత దూరం, చూసి ఫీల్డుబుక్కులో రాసుకుంటాడు. ఆ పుస్తకం కింది నుంచి పైకి రాయాలి. నడిచిన దారి ముందుకు సాగినట్టే అంకెలూ పేజీలో పైకి ఎక్కుతాయి. తాటిమొదళ్ళ మీద నడుమెత్తున పాత బురద చార కనిపిస్తే అదీ రాశాడు. మట్టిలో నత్తగుల్లలు దొరికితే, నీళ్ళు పారాయనడానికి సాక్ష్యమని నాలుగు జేబులో వేసుకున్నాడు. కమిటీవాళ్ళు నత్తగుల్లల్ని చూస్తారో లేదో అతనికి తెలియదు.

రెండున్నరకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. గుర్తు పెట్టడానికి వంగినప్పుడల్లా పైకి లేవడం ఆలస్యమవుతోంది. చెరకు మడి నీడలో ఒక్క క్షణం ఆగారు.

"ఇన్నేళ్ళు ఊరంతా కొలిసేవు గదా, బాబూ. నీకంటూ ఏటీ మిగల్లేదేటి?"

రూఫస్ నవ్వాడు. "కొలిసినోడికి ఎవలిత్తారప్పా? పటం మీద సర్వేయరు సంతకం ఉంటాది, ఆఫీసరు సంతకం ఉంటాది. గొలుసు లాగినోడి పేరుకి గడే ఉండదు."

"మరెందుకు లాగుతన్నావు?"

చొక్కా చేతితో కళ్ళలోకి దిగిన చెమట తుడుచుకున్నాడు.

"ఆ పటం ఇరవై ఏళ్ళుంటాది. తప్పుగా గీసేరని తెలిసి, రోజూ దాన్ని మేక్కి తగిలించడం నా వల్ల కావట్లేదు," అన్నాడు.

మూడూ ముప్పావుకి ఎదురుగా కలవర్టు కనిపించింది. రోడ్డు మీద బస్సు వెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో రెండు గొలుసుల దూరం. నలభై మీటర్లు. కొలత ఆ కలవర్టు గోడకి తగలాలి. తగిలితేనే ఈ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పటానికి తెలుస్తుంది. లేకపోతే పొలాల మధ్య గాల్లో వేలాడే గీతే.

రూఫస్ గట్టుకి చేరబడి కూర్చున్నాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"ఒంట్లో బాగులేదేటి, బాబూ?"

"రెండు గొలుసులే, అప్పా. గుక్కెడు నీలు తాగి లేత్తాను. నాలుగున్నరకల్లా ఆపీసులో ఉంటాం."

అప్పలకొండమ్మ పొలానికి అడ్డంపడి మోటారు షెడ్డు దగ్గరికి వెళ్ళింది. కరెంటు లేదు. తొట్టిలో అడుగున మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచి, కొంగు అడ్డం పెట్టి వడకట్టి, వీలైనంత వేగంగా వెనక్కి వచ్చింది. అతను అలాగే కూర్చుని ఉన్నాడు. ఫీల్డుబుక్కు ఒళ్ళో ఉంది. పెన్సిలు వేళ్ళ మధ్య ఉంది. తల కలవర్టు వైపు కొద్దిగా వాలింది.

"రూపస్ బాబూ."

చెంబు పెదాలకి ఆనించింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి చొక్కామీద పడ్డాయి. ఆమె మళ్ళీ పిలవలేదు. చనిపోయిన భర్త ముఖాన్ని చూసిన మనిషి. ఆమెకి తెలిసిపోయింది. కొంగుతో అతని గడ్డం తుడిచి, పక్కన కూలబడి, అప్పుడు కేక పెట్టింది.

చెరకు తోటల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఎవరో ఆఫీసుకి ఫోన్ చేశారు. క్రాంతికుమార్ జీపు వచ్చేసరికి అయిదున్నర అయింది. శవాన్ని జీపులోకి ఎక్కించాక, నేలమీద పడి ఉన్న ఫీల్డుబుక్కు అతని కంటబడింది. కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళాడు. రాయి, మెలిక, తాడిచెట్టు, మెలిక, బురద చార. ఎక్కడా ఒక కొట్టివేత లేదు. పేజీ పైన మూడు వేళ్ళ జాగా ఖాళీగా మిగిలిపోయింది.

"నేను వెళ్ళొద్దన్నానమ్మా," అన్నాడు అప్పలకొండమ్మతో.

"ఒద్దన్నావు బాబూ. పుష్పకుమారమ్మా ఒద్దనే అందట. నానొక్కదాన్నే ఒద్దన్లేదు." ఆమె బొటనవేలు ముందుకు చాపింది. "వేలిముద్ర ఇమ్మన్నావంట కదా. ఎక్కడెయ్యాలి?"

అతని దగ్గర సిరా లేదు. ఉన్నా గడువు దాటిపోయింది. పెన్ను తీసి, పేజీ అంచున "కొలిచినవారు: ఆర్. రూఫస్, చైన్‌మన్" అని రాశాడు. దాని కింద తేదీ వేశాడు. ఇంకా కింద "గడువు తర్వాత అందినది" అని రాశాడు. అలా రాయకుండా ఫైల్లో పెట్టడానికి వీల్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక రూఫస్‌ని పూడ్చిపెట్టారు. పుష్పకుమారి అతని జేబులోంచి తీసిన నత్తగుల్లల్ని గుప్పిట్లో పట్టుకుని, ఇవెందుకు దాచాడో తెలియక, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పగలిగిన అప్పలకొండమ్మ చర్చి గేటు బయట, రోడ్డు అవతల నిలబడిపోయింది. లోపలికి రావచ్చో లేదో ఆమెకి తెలియలేదు.

మరుసటి ఏడు ప్లాను ఖరారై వచ్చింది. వెనక జతచేసిన అభ్యంతరాల పట్టీలో, నూటపద్నాలుగో వరుసలో, "దిబ్బపాలెం: గడువు దాటినది, కొలత అసంపూర్ణం, తిరస్కరించబడింది" అని ఉంది. ఆ పట్టీ టైపు చేసి పంపింది క్రాంతికుమారే. ఆ వరుస దగ్గర అతను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. వేరే మాట ఏదీ దొరకలేదు. కొత్త పటాన్ని హాల్లో మేకుకి తగిలించడానికి మనిషి లేకపోతే తనే తగిలించాడు.

ఆ జూన్‌లో లారీలు ఎర్రమట్టి తెచ్చి పొలిమేర రాయి వైపు నుంచి పోయడం మొదలుపెట్టాయి. పాతిన కర్రలు ఒక్కొక్కటే మట్టికింద పడిపోయాయి. కలవర్టుకి నలభై మీటర్ల ఇవతల, గట్టు మీద తుప్పల్లో చిక్కి, నేలలో దిగని సరుగుడు కర్ర ఒకటి మాత్రం ఎర్రపీలిక ముడితో, చెక్కిన మొన కలవర్టు వైపు ఉండి, అలా పడి ఉంది.