చివరి పేజీ ముందు చదివిన బాబాయి

పొద్దున్నే సెలూన్ షట్టరు ఎత్తడం, అద్దాలు తుడవడం, కత్తులు వేడినీళ్ళలో వేయడం బాబాయి దినచర్య. వీధి వీధంతటికీ ఆయన బాబాయే. చదువుకోవడమంటే మాత్రం ఆయనకి ఒళ్ళుమంట. పేపరు కూడా కస్టమర్ల కోసమే తెప్పిస్తాడు.

పిన్ని అలా కాదు. పుస్తకం పడితే పొయ్యి మీద పాలు పొంగినా తెలీదు. "ఇన్నేళ్ళ కాపురంలో మనం మాట్లాడుకోడానికి ఒక్క పుస్తకమైనా లేదు. ఇదొక్కటి చదవండి," అని రాజులకాలం నాటి హత్య నవల చేతిలో పెట్టింది. సన్నపాటిదే గానీ బాబాయి కంటికి ఇటుకంత కనిపించింది. అందులో ఓ మంత్రిని నిద్రలో ఎవరో చంపేస్తారు. ఎవరన్నదే కథ.

పిన్నితో పేచీ ఎందుకని, బేరాల్లేని మధ్యాహ్నం చివరి పేజీ ఒక్కటీ చదివేశాడు బాబాయి. చంపింది సొంత తమ్ముడు, నడుముకి కట్టుకునే పట్టుగుడ్డతో. హమ్మయ్య, ఇంటికెళ్ళి ఈ ముక్క చెబితే చాలనుకున్నాడు.

హత్య నవల చివరి పేజీ ముందే చదివితే హంతకుడు వెతుక్కుంటూ వస్తాడని ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. పుస్తకం ముట్టనివాడికి ఆ భయం ఎప్పుడూ అవసరం పడలేదు, అందుకే మర్చిపోయాడు.

కాసేపటికే నవల్లోని ఆ తమ్ముడు వచ్చాడు. గడ్డం గీయించుకోడానికి కాదు. బాబాయిని కుర్చీలో కూలేసి, కస్టమర్లకి కప్పే తెల్లగుడ్డ మెడకి చుట్టి, కొసలు రెండూ వెనక నుంచి పట్టుకున్నాడు.

"నేనేం చేశానో నీకు తెలుసు. ఎందుకు చేశానో తెలీదు. మొదటినుంచీ చదువు. పైకి చదువు."

"చదివాక వదిలేస్తారా?"

"అప్పుడు చూద్దాం."

బాబాయి కూడబలుక్కుంటూ చదివాడు. కోట వర్ణన దగ్గర రెండు పేజీలు దాటేయబోతే గుడ్డ బిగిసింది. మళ్ళీ వెనక్కి తిప్పాడు. గడ్డాలకి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి చూసి, "చివరి పేజీ కాబోలు," అనుకుంటూ చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం పిన్ని టీ పట్టుకొచ్చింది. చూడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశారండీ! ఒక్క అక్షరం వదలకండి, మీకు దండం పెడతాను," అని లైటు వేసి బల్ల మీద కూలబడింది.

చదివేకొద్దీ బాబాయికి మంత్రి నచ్చాడు. తండ్రి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. నిండు సభలో ఆ తమ్ముణ్ణే దద్దమ్మ అని నవ్వులపాలు చేసిందీ అతనే. ఆ చోట తమ్ముడి మీదా జాలేసింది. పుస్తకంలో మనుషుల కోసం తను ఇంత బాధపడుతుంటే బాబాయికే వింతగా ఉంది. చివరికి మంత్రి పడకగది వచ్చింది. అన్న గురకపెడుతున్నాడు. తమ్ముడు పట్టుగుడ్డ విప్పాడు. పేజీ అయిపోయింది.

బాబాయి పుస్తకం మూసేశాడు.

"తిప్పు," అన్నాడు తమ్ముడు.

"తిప్పను. తిప్పితే ఆయన్ని చంపేస్తారు."

"తిప్పకపోతే నిన్ను చంపుతాను."

"ఏమండీ, తిప్పండి! అది ఉత్త కథండీ!" పిన్ని ఏడుపు అందుకుంది.

బాబాయికీ ప్రాణం తీపే. అయినా చెయ్యి రాలేదు. "పడుకుని ఉన్నాడే పాపం," అన్నాడు. గుడ్డ బిగిసింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఇక్కడ ఇంతవరకూ ఎవరూ ఆగలేదు," అన్నాడు తమ్ముడు. "తర్వాతేమైందోనని అందరూ గబగబా తిప్పేసినవాళ్ళే." గుడ్డ వదులైంది.

బాబాయి దగ్గుతూ వెనక్కి తిరిగేసరికి ఎవరూ లేరు. పిన్ని వచ్చి ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. పుస్తకం తెరిచి, తనే పేజీ తిప్పింది.

ఆ పేజీలో తెల్లవారింది. మంత్రి ఆవులిస్తూ లేచి, కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్న తమ్ముణ్ణి చూసి, "రాత్రంతా ఇక్కడే ఉన్నావట్రా?" అన్నాడు.