నలుగురున్న ఇంటి మీటరు

ముప్పై ఒక్కేళ్ళు నేను నీళ్ళ మీటర్లు చదివాను. మనుషులు చెప్పేది ఊరికే నమ్మకూడదని ఆ ఉద్యోగమే నాకు నేర్పింది. ఇంట్లో ఇద్దరమేనండీ అంటారు, మీటరు చూస్తే పెళ్ళివారు దిగినట్టు తిరుగుతూ ఉంటుంది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఒక ఫ్లాటు కొని అద్దెకివ్వాలని మా ఆవిడా నేనూ అనుకున్నాం. మాకున్నది ఆ ఒక్క మొత్తమే. అది మునిగితే ముసలితనంలో ఒకరి గుమ్మం ముందు నిలబడాల్సిందే. అందుకే, మూడిళ్ళు అద్దెకిచ్చిన మా బావమరిదిని సలహా అడిగాను.

"ఖాళీ ఇల్లు కొనకు బావా. అద్దెకున్నవాళ్ళతో సహా కొను, మొదటి నెల నుంచే అద్దె చేతికొస్తుంది. వచ్చిందంతా ఖర్చుపెట్టేయకు, మరమ్మతులకని కొంత పక్కన పెట్టు. ఇంకోటి, బ్రోకరు చెప్పేదాంట్లో సగమే నమ్ము."

"ఏ సగం?"

"అదే తెలిస్తే నాకు ఆరిళ్ళుండేవి," అన్నాడు.

బ్రోకరు నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు ఉందన్నాడు. ధర కాస్త తక్కువే. నాకు అక్కడే తేడా కొట్టింది. "రెండేళ్ళుగా ఒకటే కుటుంబమండీ. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు," అన్నాడు. అంత బంగారంలాంటి వాళ్ళుంటే ఓనరు ఎందుకు అమ్ముతున్నట్టు? ఆయన వ్యాపారం వేరే ఊరికి మారిందట. నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేసింది.

పైకి వెళ్ళేముందు మెట్ల కింద నీళ్ళ మీటర్ల పెట్టె తెరిచాను. అలవాటు ఎక్కడికి పోతుంది? యూనిట్టంటే వెయ్యి లీటర్లు; నలుగురున్న ఇంట్లో రెండేళ్ళకి మూడొందల యూనిట్లైనా తిరగాలి. ఆ ఫ్లాటు మీటరు పంతొమ్మిది చూపిస్తోంది. అద్దం తుడిచి మళ్ళీ చూశాను. పంతొమ్మిదే.

తలుపు తీసినావిడకి ముప్పై ఏళ్ళుంటాయి. "రండి బాబాయిగారూ," అంది నవ్వీ నవ్వనట్టు. ఏది అడిగినా ముందు బ్రోకరు మొహం చూసి, తర్వాత జవాబు చెబుతోంది. వంటింట్లో కుళాయి తిప్పాను. నీళ్ళు ధారగా దూకాయి. దాన్నలాగే వదిలేసి, మోకాళ్ళు మొరపెట్టుకుంటున్నా నాలుగంతస్తులూ దిగి మీటరు చూసి వచ్చాను. చక్కగా తిరుగుతోంది.

మీటరు పనిచేస్తోంది, నీళ్ళున్నాయి, వాడేవాళ్ళే లేరు. అంటే ఇది నాకు చూపించడానికి డబ్బులిచ్చి పొద్దున్నే దింపిన కిరాయి కుటుంబం. మేకుకి వేలాడుతున్న బడిసంచులు, గుమ్మం దగ్గర అరిగిపోయిన చిన్న చెప్పులు, గోడ మీద పిల్లల పిచ్చిగీతలు. ఎంత పకడ్బందీగా సర్దారు! నాకు లోలోపల మెచ్చుకోబుద్ధి కూడా వేసింది.

"ఇవాళ్టికి మీకెంత ఇస్తున్నారమ్మా?" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు.

"ఈ నాటకానికి. నలుగురు రెండేళ్ళు కాపురం చేసిన ఇంట్లో పంతొమ్మిది యూనిట్లా? మీరు స్నానాలు చెయ్యరా? నా చెవిలో పువ్వులు పెట్టకండి."

"సార్, సార్," అంటూ బ్రోకరు అడ్డొచ్చాడు. ఆవిడ మొహం కందిపోయింది.

"ఇవాళ వస్తున్నాయండీ నీళ్ళు! మీరొస్తున్నారని కింది మూడంతస్తుల వాల్వులూ కట్టేశారు. ఈ కుళాయిలో నీళ్ళొచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కింద పంపు దగ్గర పట్టుకుని నేనూ మా ఆయనా రోజూ మోసుకొస్తున్నాం. రండి, చూపిస్తా."

పడకగది తలుపు తోసింది. మంచం వెనక, దుప్పటి కప్పిన నీళ్ళ క్యాన్లు. పదహారు లెక్కపెట్టాను.

"నోరు మూసుకుంటే కొత్త ఓనరు మమ్మల్ని ఇక్కడే ఉండనిస్తాడని ఈయనే చెప్పాడు. పిల్లల బడి పక్క వీధిలోనే. ఈ అద్దెకి మాకింకెక్కడ దొరుకుతుంది? అందుకే మింగలేక కక్కలేక ఊరుకున్నా. నాటకాలాడి బతికేదాన్ననుకున్నారా నన్ను?"

బ్రోకరు గొంతు పెంచలేదు. "నెలాఖరుకి ఖాళీ చేసేయమ్మా," అన్నాడు. వెంటనే నా వైపు తిరిగి, "పదండి సార్, రెండో అంతస్తులో ఇంకోటుంది," అన్నాడు. నేను అతన్ని తిట్టలేదు. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక మెట్లు దిగేశాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పడం మొదలుపెడితే మాత్రం ఎక్కడలేని హుషారొచ్చింది. మీటరు చూడబట్టి మన డబ్బు దక్కిందన్నాను. ఆమె అన్నం వడ్డిస్తూ అంతా విన్నది.

"అంతా బాగానే ఉంది. ఆ మాట బ్రోకరు ముందెందుకు అడిగారు? తర్వాత మీరొక్కరే వెళ్ళి నెమ్మదిగా అడిగితే చెప్పేది కాదా?"

సిగ్గేసింది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను.

మర్నాడు ఉదయం మళ్ళీ వెళ్ళాను. ఆవిడ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. తిట్లకు సిద్ధపడే వెళ్ళాను గానీ, ఆవిడ తిట్టలేదు.

"కొన్నారా?"

"లేదమ్మా."

"మంచిపని చేశారు." ఇంకో రెండు గిన్నెలు సర్దింది. "బాబాయిగారూ, మీకు తెలిసిన ఇళ్ళేమైనా అద్దెకున్నాయా? బడికి దగ్గర్లో?"

ఇల్లు కొనడానికి సరిపడా డబ్బు నా పేరున బ్యాంకులో భద్రంగా ఉంది. ఆవిడకి చూపించడానికి ఒక్క గది లేదు.

"కనుక్కుంటానమ్మా," అన్నాను.

"అలాగేనండీ," అంది, నిన్న బ్రోకరు మొహం చూసి జవాబులు చెప్పిన గొంతుతోనే.