నలభై ఒక్క ఫొటోలు

మా లుత్ఫీ గారు రాసిన ప్రోగ్రాం కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని అరబ్బీలో చదివి వినిపిస్తుంది. చూపులేని పిల్లల కోసం మూడేళ్ళు కూర్చుని రాశారు. మంచివారే, కాదనను. కానీ దాన్ని కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ముందు వేరే పదమూడు సాఫ్ట్‌వేర్ ముక్కలు ఎక్కించాలి, అదీ ఒక వరసలో. ప్రతి బడికీ మా ఊరు స్ఫాక్స్ నుంచి లువాజ్ అనే షేర్ టాక్సీ ఎక్కి నేనే పోయేదాన్ని. ఇప్పుడు నా కాలు విరిగి కట్టులో ఉంది.

సరిగ్గా అప్పుడే తోజర్ అంధుల బడి నుంచి మబ్రూకా టీచర్ ఫోన్ చేసింది. పాత కంప్యూటర్ కాలిపోతే కొత్తది తెచ్చారట. శనివారం ఆవిడ దగ్గర చదివే రైహానాకి పరీక్ష.

"ప్రోగ్రాం ఉంటే పిల్ల తనే రాసుకుంటుంది. లేకపోతే పక్కన రాసేవాణ్ణి కూర్చోబెడతారు. పోయినేడు అది చెప్పిందొకటి, వాడు రాసిందొకటి. ఏడాది గంగలో కలిసింది కదమ్మా!"

లుత్ఫీ గారికి చెప్పాను.

"అన్నీ వివరంగా పంపేశాను ఇబ్తిసామ్. అడుగడుక్కీ ఒక ఫొటో. నలభై ఒకటి!" అన్నారు కాఫీలో నారింజపూల నీళ్ళు వేసుకుంటూ.

"ఎవరికి?"

"మబ్రూకా టీచర్‌కి."

"ఆవిడకీ కళ్ళు కనబడవు సార్!"

"పక్కన ఎవరో ఒకరు చూసి చెబుతారులే."

ఒళ్ళు మండింది. "ఆ పక్కవాడి అవసరం లేకుండా చెయ్యాలనేగా మీరిది రాసింది?"

ఆయన కాఫీ కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

రెండు రోజులు కూర్చుని పదమూడు ముక్కల్నీ ప్రోగ్రాంతో కలిపి ఒకే ప్యాకేజీగా కట్టాను. రేపు ఎవరైనా మార్పులు చేసి మళ్ళీ కట్టుకోవాలంటే నా ప్రాణం తీయకుండా, ఆ పద్ధతంతా రాసి అందులోనే పెట్టాను. బుధవారం పెన్‌డ్రైవ్‌ని లువాజ్ డ్రైవర్ చేతికిచ్చి పంపాను. సాయంత్రం టీచర్‌కి ఏ మీటలు నొక్కాలో ఫోన్లో చెప్పాను.

"నొక్కానమ్మా. ఏమీ మాట్లాడట్లేదే!"

నెత్తి కొట్టుకున్నాను. 'ఎక్కించమంటారా?' అని తెర మీద ప్రశ్న వచ్చి ఉంటుంది. ప్రోగ్రాం గొంతు లేచేది అంతా ఎక్కాకే. అంటే నేనూ కళ్ళున్నవాళ్ళకే కట్టాను. లుత్ఫీ గారి మీద అంత ఎగిరినందుకు సిగ్గేసింది.

గొంతే ముందు లేచేలా మార్చి శుక్రవారం మళ్ళీ డ్రైవర్‌తో పంపాను. ఈసారి ఫోన్లో నాకే వినబడింది: "ఎక్కించమంటారా?"

"ఎక్కించు నాయనా, ఎక్కించు!" అంది టీచర్ కంప్యూటర్‌తో. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం రైహానా ఫోన్ చేసింది.

"అక్కా, పరీక్ష అంతా నేనే రాశా! పక్కన ఒక్క మనిషి లేడు. కానీ మీ ప్రోగ్రాం గొంతు మరీ నత్తనడక. వేగం పెంచి, మీరు రాసిన పద్ధతిలో మళ్ళీ ప్యాకేజీ కట్టేశా. గాబెస్ బడివాళ్ళు కూడా తీసుకున్నారు. మీకూ పంపనా?"

అది రాగానే లుత్ఫీ గారి ముందే తెరిచాను. గొంతు టకటకా ఏదో అడిగింది. తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు; రైహానాకి దానితో పనేముంది? ఆ పిల్లలు వినే వేగం మాకెక్కడిది? ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటోంది ఇది? ఇప్పుడేం నొక్కాలి?"

"రైహానాకి ఫోన్ కలుపుతాను సార్. పక్కనుండి చెబుతుంది."