కెప్టెన్ కళ్ళలో ఎండ

మా రేవులో ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో మనిషి ఉండగా సొర కనిపిస్తే, చూసినవాడు అరవాలి. నీళ్ళలో ఉన్నవాడు పగవాడైనా సరే, నీ వల కోసి పారిపోయినవాడైనా సరే, ముందు గొంతు చించుకుని అరవాలి. కొట్టుకోవడాలు తర్వాత ఒడ్డున చూసుకోవచ్చు. టూరిస్టులకు సొరల్ని చూపించే పడవ కెప్టెన్ వెస్సెల్ అరవలేదు. నా మొగుడు మెర్విన్ అందుకే పోయాడు.

మెర్విన్ దొంగచాటుగా సముద్రం అడుగున మునిగి, ఖరీదైన పెర్లమూన్ గుల్లలు ఏరేవాడు, అది దాచను. మా వీధిలో సగం మందికి అదే పని. ఆ పొద్దున సీల్ దీవి పక్కన, తన రబ్బరు పడవకు దగ్గర్లోనే, పాచిలోంచి పైకి తేలి ఊపిరి తీసుకుంటున్నాడు. కూతవేటు దూరంలో వెస్సెల్ పడవ, దాని నిండా కెమెరాలు పట్టుకున్న టూరిస్టులు. వాళ్ళకి అప్పటిదాకా ఒక్క తెల్ల సొర కూడా కనపడలేదు. విచారణలో వెస్సెల్ చేతులు కట్టుకుని నిలబడి, "ఎండ కళ్ళలో పడుతోందండీ, ఏమీ కనపడలేదు" అన్నాడు. పొద్దున పూట, పడవ ముక్కు పడమటికి, మెర్విన్ ఉన్నదీ అటే. ఎండ వీపు మీద కొట్టాలి గాని కళ్ళలో ఎలా పడుతుంది? అడిగిన నాథుడు లేడు. నేను అడిగితే, ఏడుపులో ఉంది పాపం అంటూ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చారు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యేసరికి వెస్సెల్ నన్ను పిలిచి తన పడవలోనే ఉద్యోగం ఇచ్చాడు. పై మెట్టు మీద నిలబడి నీళ్ళు కనిపెట్టి ఉండాలి, సొర రాగానే "కిందికి!" అని కేకెయ్యాలి. సొరను దగ్గరగా చూడ్డానికి టూరిస్టులు పడవ పక్కన నీళ్ళలో వేలాడే ఇనప బోనులోకి దిగుతారు, తలలు మాత్రం నీళ్ళ పైన ఉంటాయి. కేక వినగానే ఊపిరి బిగబట్టి మునుగుతారు. బయటికి రావాలన్నా నేను "పైకి!" అనాల్సిందే. ఎక్కేటప్పుడు కాళ్ళు కాసేపు బోను బయట వేలాడతాయి కాబట్టి, ఎంత మొనగాడైనా నా మాట లేనిదే కదలడు. దిక్కులేనిదాన్ని ఆదుకున్నాడని చర్చిలో అతన్ని తెగ మెచ్చుకున్నారు. నేనూ నవ్వుతూ థాంక్స్ చెప్పాను. కడుపులో నిప్పును మాత్రం ఒక్కపూట కూడా ఆరనివ్వలేదు.

సీజన్ మొదటి రోజు టూరిస్టులకంటే ముందు పడవ యజమానే బోనులోకి దిగాలి. రేవులోని పడవలన్నీ చుట్టూ చేరి ఆటపట్టిస్తాయి. ఈ ఏడు అందరికంటే ముందు వెస్సెల్ వంతు వచ్చింది.

"ఏం వెస్సెల్, పొట్ట పడుతుందా బోనులో? పెద్దది చేయించకపోయావా!" పక్క పడవలోంచి ఎవరో అరిచారు.

"నీ నోరు పట్టే బోను దొరకలేదురా, ముందు దాన్ని వెతుకుతున్నా!" అన్నాడు వెస్సెల్ దిగుతూ.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మెర్విన్ మేనమామ అబెల్ మా పడవలోనే ఎర పని చేస్తాడు. చేపల నెత్తురూ నూనే కలిపిన బకెట్ నీళ్ళలో ఒంపి, ట్యూనా తల కట్టిన తాడు విసిరాడు. నీళ్ళు ఆకుపచ్చగా, మడ్డిగా ఉన్నాయి. బోనులో ఉన్నవాడికి తన చెయ్యి తనకే సరిగా కనపడదు.

నేను చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అతని ఎడమ పక్కకు చూశాను. అలాగే బిగుసుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

"ఏంటమ్మాయ్, వచ్చిందా?"

నేను మెడ ఇంకొంచెం ముందుకు చాచాను.

"షార్లీన్! ఎటు? మునగాలా?"

కళ్ళు మెల్లగా అతని వెనక్కి తిప్పాను. అతనూ గిర్రున తిరిగాడు. నవ్వులు ఆగిపోయాయి.

"చెప్పవే! ఏం చూస్తున్నావ్?"

"ఎండ కళ్ళలో పడుతోందండీ, ఏమీ కనపడట్లేదు" అన్నాను. ఎండ నా వీపును కాలుస్తోంది.

ఆ మాట అతను గుర్తుపట్టాడు. మొహంలో రంగు పోయింది. అబెల్ మామయ్య కూడా గుర్తుపట్టాడు. నా వైపు చూడకుండా తాడు మెల్లగా లాగాడు. ట్యూనా తల వెళ్ళి బోను ఊచలకు ధడేలుమని తగిలింది.

వెస్సెల్ కెవ్వుమన్నాడు. "చూశాను! ఆ రోజు చూశానే తల్లీ! రెక్క కనపడింది! అరిస్తే అతను రబ్బరు పడవ ఎక్కేస్తాడు, సొర వెళ్ళిపోతుంది... జనం ఫోటోలు తీసుకుంటున్నారు... ఒక్క క్షణం ఆగుదామనుకున్నా, అంతే! చెప్పేశాను కదా, ఇప్పుడు చెప్పు, ఎటుందది?"

పడవలన్నీ విన్నాయి. ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే అతని ఉప్పు తిన్నాను. వింటే చల్లబడతాననుకున్నాను. చల్లబడలేదు. రెక్క చూసి, ఫోటోలకోసం ఆగాడట!

"పైకి రా వెస్సెల్" అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఏమీ లేదు. పొద్దుట్నుంచి ఇటువైపు ఒక్క సొర కూడా రాలేదు."

అతను ఊచలు పట్టుకుని పైకి లేచాడు. కాలు ఎత్తబోయి ఆగాడు. నా మొహం చూశాడు.

"నిజంగా లేదా? ఒట్టు?"

"ఒట్టు."

నిజమే చెప్పాను. అతను నమ్మక మళ్ళీ గొంతు దాకా నీళ్ళలోకి దిగిపోయాడు. "అబెల్, నువ్వు చెప్పు. ఎక్కొచ్చా?"

అబెల్ మామయ్య తాడు చుట్టుకుంటూ, "ఎండ కళ్ళలో పడుతోంది, కెప్టెన్" అన్నాడు.

వెస్సెల్ పక్క పడవకేసి తిరిగాడు. ఇందాక పొట్ట గురించి ఎగతాళి చేసినవాడే, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇక్కడా అంతే. ఎండ" అన్నాడు. ఆ వెనక పడవవాడూ అదే అన్నాడు. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, అదే మాట. బోనులో అతను గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

నేను మెట్టు దిగి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, అతనికి వీపు పెట్టి కూర్చున్నాను.