వాడుకోని సెలవులు

నేను ఒక శాలువాను, సన్మానాలకి వాడే రకం. మెరిసే ఎరుపు ఒళ్లు, అంచున బంగారు రంగు జరీ. అందులో బంగారం అబద్ధం, రంగు ఒక్కటే నిజం. ఎక్కడో ఉత్తరాదిన మరమగ్గం మీద పుట్టి, రైలెక్కి నిడదవోలు బట్టల కొట్టుకి చేరాను. మొదట ఒక హెడ్మాస్టరు గారి భుజాల మీద పడ్డాను. ఫోటో తియ్యడం అవగానే ఆయన నన్ను మడిచి, బీరువాలో నాలాంటి వాటి మధ్య పెట్టేశారు. ఏడాది తిరక్కుండా వాళ్లావిడ మా అందర్నీ మూటగట్టి, అదే కొట్టుకి సగం ధరకి ఇచ్చేసింది. మనుషులు గౌరవాన్ని ఇలా తిప్పి తిప్పి వాడుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

రెండోసారి నన్ను కొన్నది మున్సిపాలిటీ నీళ్ల విభాగం వాళ్లు. పంపు ఆపరేటరు పెచ్చెట్టి గంగరాజు గారు రిటైరవుతున్నారు. పంపుహౌస్ ఆవరణలోనే షామియానా వేసి సభ పెట్టారు. గంగరాజు గారు పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి. ముందు వరసలో ఆయన భార్య మంగతాయారు గారు కొత్త చీర కట్టుకుని కూర్చున్నారు. నీళ్ల విభాగం ఇంజినీరు ఏఈ గారు నన్ను ఆయన భుజాల మీద కప్పి, మైకు అందుకున్నారు.

"గంగరాజు గారున్నన్నాళ్లూ ఊరికి ఒక్క పూట మంచినీళ్లు ఆగలేదు. ఇంకో సంగతి చెప్తాను వినండి. మనందరం సెలవులు ఎప్పటికప్పుడు వాడేసుకుంటాం. ఈయన వాడుకోలేదు. రిటైరయ్యేటప్పుడు గవర్నమెంటు ఎన్ని రోజుల సెలవులకి డబ్బిస్తుందో, అన్ని రోజులూ ఈయన పేరున నిండుగా ఉన్నాయి. మూడొందలు! మన ఆఫీసులో ఇంకెవరికీ లేవు."

చప్పట్లు మోగాయి. నా కింద ఆయన భుజాలు ఇంకాస్త పైకి లేచాయి. మంగతాయారు గారు చప్పట్లు కొట్టలేదు. ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పుని అటూ ఇటూ లాగుతూ కూర్చున్నారు. ఆయన అది చూడలేదు. నేను చూశాను.

పెన్షన్ కాగితాలు అసలు రిటైర్మెంటుకి ముందే పంపాలి. పంపు వదిలి కదల్లేక గంగరాజు గారు రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చారు. సభ అయిన మరుసటి వారం మున్సిపల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. భార్యాభర్తల జంట ఫోటో కావాలట. ఆయన తర్వాత ఆవిడకి పెన్షన్ రావాలంటే అది ఉండాలట.

"శాలువా కప్పుకుని దిగుతాను" అన్నారు ఆయన.

"పెన్షన్ ఫోటోకి శాలువా ఏంటండీ, నవ్విపోతారు."

"ఉండనీ తాయారూ. ఊరికే వచ్చిందా ఇది?"

స్టూడియోలో ఫోటోగ్రాఫరు "కొంచెం దగ్గరగా జరగండి మాస్టారూ" అని నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. ఫోటోలు తీసుకుని, నన్ను భుజాన వేసుకునే ఆఫీసుకి నడిచారు. దారిలో ఎదురైన ప్రతివాడికీ నన్ను ఎందుకు కప్పారో చెప్పారు.

పెన్షన్ సెక్షన్లో జరీనా గారని ఒకావిడ కంప్యూటరు ముందున్నారు. నెమ్మదస్తురాలు. ఇద్దరికీ కుర్చీలు వేయించి, వివరాలు అడగడం మొదలుపెట్టారు.

"అమ్మగారి పుట్టిన తేదీ చెప్పండి."

గంగరాజు గారు భార్య వైపు చూశారు. ఆవిడ చెప్పారు.

"అమ్మగారికి గుర్తింపు మచ్చలు?"

"ఉంటాయండి" అన్నారు గంగరాజు గారు. "ఎడం చెంప మీద అనుకుంటా."

"అది కుడివైపండీ" అన్నారు మంగతాయారు గారు. తర్వాత చీర కొంగు తప్పించి, మోచేతి కింద నున్నగా మెరుస్తున్న మచ్చని జరీనా గారికి చూపించారు. "ఇది కూడా రాసుకో అమ్మా. కాలిన మచ్చ."

"ఇదెప్పుడు కాలింది?" అని అడిగింది జరీనా గారు కాదు, గంగరాజు గారే.

"నూనె మూకుడు తిరగబడింది. మీరు ట్యాంకులు కడిగిస్తున్నారు ఆ ఎండాకాలం."

గదిలో పక్క బల్లల వాళ్లు చేస్తున్న పని ఆపారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

జరీనా గారు గబగబా కాగితం తిప్పేశారు. "ఇక హెల్త్ కార్డు. ఉద్యోగం కార్డు ఇక పనిచెయ్యదు, పెన్షనర్ల కార్డు కొత్తగా తీసుకోవాలి. అమ్మగారికి బీపీ, షుగర్ లాంటివి ఏమన్నా ఉన్నాయా?"

"అబ్బే, ఆవిడకేం లేదండి. గట్టి మనిషి" అన్నారు గంగరాజు గారు, ఈసారి ధీమాగా.

"షుగరుంది" అన్నారు ఆవిడ తల దించుకుని. "ఆరేళ్లయింది."

సరిగ్గా అప్పుడే పక్క బల్లాయన, పాపం పరిస్థితి తేలికపరుద్దామనే కాబోలు, "ఏమాటకామాట మేడం, మూడొందల సెలవులూ మిగుల్చుకున్న మనిషండి మన గంగరాజు గారు! ఈ రోజుల్లో ఎవరుంటారు చెప్పండి?" అన్నాడు.

సభలో ఈ మాటకే భుజాలు లేచాయి. ఇప్పుడు నా కింద అవి కుంగిపోవడం నాకు తెలిసింది. మెడ దగ్గర చెమట పట్టి నా అంచు తడిసింది. ఆయన నన్ను మెల్లగా లాగి, మడత కూడా పెట్టకుండా ఉండ చుట్టి, కాగితాల సంచీలో కుక్కేశారు. నేనంటే అంత సిగ్గుపడ్డ మనిషిని అంతకుముందు చూడలేదు. తప్పు నాది కాదని నాకు తెలుసు. అయినా సంచీ చీకట్లో నాకూ తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఆఫీసు బయట టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నారిద్దరూ. తెరిచిన సంచీ మూతిలోంచి ఆయన మాట వినిపించింది.

"షుగరని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మోటారు కాలిందని ఫోన్లో మాట్లాడుతున్నారు. ఊఁ అన్నారు."

"మళ్లీ చెప్పొచ్చుగా."

"ఎన్నిసార్లు చెప్పనండీ?"

"నాకు సిగ్గుగా ఉందే తాయారూ" అన్నారు.

"మీకేనా? నాకు గర్భసంచి తీసినప్పుడు ఆస్పత్రిలో మా చెల్లి తోడుంది కదా. వీధిలో అందరికీ మాత్రం మా ఆయనే ఉన్నారు, రాత్రంతా పక్కనే కూర్చున్నారని చెప్పుకొచ్చాను. ఇన్నేళ్లూ అదే చెప్పాను. ఇవాళ ఆ ఆఫీసులో అంతమంది ముందు బయటపడిపోయింది, మా ఆయనకి నా గురించి ఏమీ తెలీదని." ఆవిడ కొంగు సర్దుకున్నారు. "నాకు కోపం కాదండీ. చిన్నతనంగా ఉంది."

ఆయన టీ తాగలేదు. గ్లాసు అలాగే ఉంచి, డబ్బులిచ్చి లేచారు.

పెన్షన్ మంజూరైంది. సెలవుల డబ్బు కూడా వచ్చింది. బ్యాంకు నుంచి ఫోనొస్తే "మంచిదండి" అని పెట్టేశారు తప్ప, ఇంట్లో ఆ ఊసెత్తలేదు. హెల్త్ కార్డు వచ్చిన రోజు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆవిడ ఫోటో ఉన్న వైపు చాలాసేపు చూశారు. "రేపు రాజమండ్రి వెళ్దాం. అన్ని పరీక్షలూ చేయిద్దాం" అన్నారు.

ఆస్పత్రిలో ఏసీ ఎక్కువగా ఉంటుందని మంగతాయారు గారు నన్ను వెంట తెచ్చుకున్నారు. కంటి పరీక్షకని లోపలికి వెళ్తూ ఆయన చేతికిచ్చారు. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో, ఎవరినేమడగాలో తెలియని మనిషిలా గోడవార కుర్చీలో ఒదిగారు. పంపుహౌస్‌లో ఏ వాల్వు ఎటు తిప్పాలో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషే.

కాసేపటికి నర్సు తలుపు తీసింది. "మంగతాయారు గారి తాలూకు ఎవరండీ?"

గంగరాజు గారు తలెత్తి చుట్టూ చూశారు, ఎవరు లేస్తారా అని. ఎప్పుడూ ఎవరో ఒకరు లేచేవారు కదా, మరదలో, పక్కింటావిడో. నర్సు మళ్లీ పిలిచింది. "పెచ్చెట్టి మంగతాయారు. తోడెవరూ రాలేదా?"

అప్పటికి అర్థమైంది ఆయనకి. చటుక్కున లేచారు. నేను జారి కింద పడ్డాను.

"నేనేనండి. నేనొచ్చాను" అన్నారు. "ఆవిడ భర్తని."

లోపలికి వెళ్లిపోయారు. వాళ్లు అటునుంచటే ఇంకో గుమ్మంలోంచి బయటికి వెళ్లుంటారు, నా కోసం మళ్లీ రాలేదు. సాయంత్రం ఊడుస్తూ ఆయా నన్ను దులిపి, జనం మరిచిపోయిన గొడుగులూ ఫ్లాస్కులూ ఉన్న అలమరలో పెట్టింది. ఇప్పుడక్కడే ఉంటున్నాను. రెండు సన్మానాలు చూశాను, బోలెడు చప్పట్లు విన్నాను. ఆయన నన్ను మరిచిపోయినందుకు మాత్రం నాకు చిన్నతనంగా లేదు.