ఆపాల్సిన లిఫ్టు

ఆ పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టులు చూసుకునే మెకానిక్కు పొద్దున రాగానే చేసే మొదటి పని, అనవసరంగా వెలుగుతున్న లైట్లు ఆర్పడం. అది ఆయన పని కాదు. కుళాయి వదిలేసినవాళ్ల మీద కేకలేయడమూ ఆయన పని కాదు. "ఏమయ్యా, బిల్డింగు మీ మామగారు రాసిచ్చాడా?" అని సెక్యూరిటీ అతను వేళాకోళమాడితే, "ఇందులో నాకూ ఓ ముక్క ఉందిలే" అని మీసం మెలేసేవాడు.

నవ్వకండి. ఆ ముక్క సంగతి నిజమే. ఆయన భార్య టైలరు. అద్దె దుకాణంలో మిషను పెట్టుకుని పనిచేస్తుంది. యజమాని దుకాణం అమ్మేస్తానంటే, వచ్చే ఏడాది తానే కొంటానని బతిమాలి ఒప్పించింది. అందుకోసం దాచిందంతా భర్త చేతికిచ్చి, "మంచి చోట పెట్టండి" అంది. ఎక్కడ అని అడగలేదు. మొగుడి మీద ఆవిడకి అంత గురి.

బావమరిది ఓ ఫండు గురించి చెప్పాడు. ఆఫీసులూ గోదాములూ కట్టి అద్దెకిచ్చే కంపెనీలు ఉంటాయి కదా, మార్కెట్లో వాటి షేర్లు ఏరి కొని పెడుతుందట. "షేరు అనుకుని భయపడకు బావా, ఇది ఇటుక. ఇటుక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఆ కంపెనీల్లో ఈ భవనం కట్టిన కంపెనీ పేరు కూడా కనిపించింది. ఇంకేం, మనవాడు ఆగుతాడా! ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాడు.

కొన్నాళ్లకి ధర దిగడం మొదలైంది. మొదట కొంచెం, తర్వాత బాగా. ఆయనకి అన్నం సయించలేదు. దుకాణానికి వేయించాల్సిన రంగుల గురించి భార్య మాట్లాడుతుంటే వినలేక లేచి వెళ్లిపోయేవాడు. భవనంలో ఏ అంతస్తు ఖాళీ అయినా గుండెలో రాయి పడేది. అద్దె పోతే ధర పోతుంది, ధర పోతే దుకాణం పోతుంది. ఇదీ ఆయన లెక్క.

అలాంటి రోజుల్లోనే ఒక లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు అంతస్తుకి జానెడు కిందుగా ఆగింది. విప్పి చూస్తే బ్రేకు అరిగిపోయి ఉంది. కొత్తది వచ్చేదాకా లిఫ్టు ఆపాల్సిందే.

మేనేజరు మొహం చిట్లించాడు. "పై అంతస్తుల కంపెనీ ఉండాలా పోవాలా అని ఆలోచిస్తోంది. ఇప్పుడు వాళ్లని మెట్లెక్కిస్తావా? నెలాఖరు దాకా నెట్టుకురా."

ఇదే మాట ఆర్నెల్ల కిందట అని ఉంటే, "మెట్లెక్కితే కాళ్లే నొప్పి పుడతాయి సార్" అని మొహం మీదే చెప్పి తాళం వేసేవాడు. ఇప్పుడు మాత్రం మనసు లెక్కలేసింది. వాళ్లు ఖాళీ చేస్తే? ఏదో సర్దుబాటు చేసి వదిలేశాడు. అప్పట్నుంచీ లిఫ్టు కదిలినప్పుడల్లా చెవులు రిక్కించి వినేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం పక్క లిఫ్టు దగ్గర పనిచేసుకుంటుంటే, "ఏవండీ!" అని పిలుపు. తలెత్తాడు. యూనిఫారాల మూట పట్టుకుని, కిక్కిరిసిన ఆ లిఫ్టులో భార్య. పై ఆఫీసువాళ్లు కుట్టమని ఇచ్చినవి అప్పగించడానికి వచ్చింది. చెయ్యూపుతూ నవ్వుతోంది.

"దిగు! దిగు!" అని అరిచేలోగా తలుపు మూసుకుంది.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. లిఫ్టు పైకి వెళ్లింది, ఆగింది. ఆగిన చోట నిలవలేదు. కిందికి జారడం మొదలెట్టింది. లోపల్నుంచి కేకలు. తర్వాత ధడేల్‌మని చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. "అమ్మా, అమ్మా" అనుకుంటూ ఏడుస్తూ పరిగెత్తాడు.

అదృష్టం బాగుండి, జారే లిఫ్టుని పట్టి ఆపే కొక్కేలు పనిచేశాయి. తలుపు తెరిచి, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లని ఒక్కొక్కర్నీ పైకి లాగాడు. ఆవిడ ఆఖరున వచ్చింది. వస్తూనే అంది: "అందరూ గోల పెడుతుంటే నేనే ధైర్యం చెప్పాను. మా ఆయన చూసే లిఫ్టు, ఏం కాదూ అని."

ఆయన వెంటనే లిఫ్టుకి తాళం వేశాడు. మేనేజరు వచ్చి ఎగిరిపడినా తాళంచెవి ఇవ్వలేదు. సాయంత్రం భార్యకి అంతా చెప్పేశాడు.

మర్నాడు ఇద్దరూ ఫండు ఆఫీసుకి వెళ్లారు. అక్కడి ఉద్యోగిని ఓపిగ్గా విని, "ఎన్నేళ్లు ఆగగలరు?" అని అడిగింది.

"వచ్చే ఏడాదే కావాలమ్మా."

"అయ్యో! ఇది ఏళ్ల తరబడి కదపనక్కర్లేని డబ్బుకండీ. ఇప్పుడు తీస్తే నష్టం. ఆగితే కోలుకోవచ్చు, కోలుకోకపోనూ వచ్చు. నేను హామీ ఇవ్వలేను."

ఆయన అడిగాడు. "మా భవనంలో లిఫ్టు ఆపేశాను. దానివల్ల ఇంకెంత పడుతుందమ్మా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. "లిఫ్టా? ఈ ఫండులో బోలెడు కంపెనీలు, ఒక్కో కంపెనీకి బోలెడు భవనాలు. మీ లిఫ్టు ఆగినా నడిచినా ధరకి తెలియనైనా తెలియదు. కంపెనీల అప్పుల మీద వడ్డీలు పెరిగాయి, అందుకే పడింది."

అంటే, దేనికోసం అంతమంది ప్రాణాల మీదికి తెచ్చాడో, దానివల్ల పైసా లాభం కూడా లేదన్నమాట! మెకానిక్కు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

దుకాణం చెయ్యి జారినట్టేనని టైలరమ్మకి అర్థమైంది. కళ్లు తుడుచుకుని అంది:

"మీరు నాకు చెప్పి ఉండాల్సింది, నేనూ అడిగి ఉండాల్సింది. పోతే తట్టుకోలేని డబ్బుని పడిలేచే చోట పెట్టకూడదండీ. డబ్బు పోవడం సరే, పోతుందేమోనన్న భయంతో మీలాంటి మంచి మనిషే తెలిసి తెలిసి జనాన్ని ఆ లిఫ్టు ఎక్కించాడు."