స్టవ్ ఎవరిదని అడిగింది

రాకెట్ చూడడానికి వెళ్తున్నామని మా ఆయన పాండురంగ గురువారం రాత్రి చెప్పాడు. శనివారం ప్రయాణం. ఆఫీసులో అతని పైవాడు విఠల్ గారి కారులో ఆయన, ఆయన భార్య కాత్యాయని, మేమిద్దరం. అడిలైడ్ నుంచి వూమెరాకి ఐదు గంటల దారి. అక్కడి ఎడారిలో ఒక యూనివర్సిటీ వాళ్లు చిన్న రాకెట్ వదులుతున్నారట.

"ఆయన ఏమన్నా ఎదురు మాట్లాడబాకు" అన్నాడు పాండురంగ. "సోమవారం లిస్టు పోతుంది. పన్నెండు మందిమి ఉండాం, ఏడుగురినే ఉంచుతారంట. పేర్లు రాసేది ఆయనే."

కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై టూ కే పని అయిపోయి రెండేళ్లు కావస్తోంది. అప్పుడు మమ్మల్ని విమానాలెక్కించి రప్పించిన కంపెనీలే ఇప్పుడు ఒక్కొక్కరినీ వెనక్కి పంపుతున్నాయి. ఉద్యోగం పోతే మా వీసాకి ఇరవై ఎనిమిది రోజులు గడువు. ఆ లోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాలి.

నేను పుట్టి పెరిగింది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా మిద్దె మీదికి కనిపిస్తుంది. ఆ రోజు మా అమ్మ పొద్దున్నే పెరుగన్నం కలిపేసి పొయ్యి ఆర్పేసేది. ఎన్నింటికి వదులుతారో, మధ్యలో ఎన్నిసార్లు ఆపుతారో ఎవరికీ తెలియదు. అది లేచే ఆ ఒక్క నిమిషం ఎవరూ వంటింట్లో ఉండకూడదని ఆమె పట్టు. నేనూ అలాగే పెరుగన్నం కలిపి, దబ్బకాయ ఊరగాయ వేసి, పెద్ద స్టీలు డబ్బాలో సర్దాను.

కారు డిక్కీలో పెడుతుంటే కాత్యాయని మూత తీసి చూసింది. "చద్దన్నమా శేషూ? మా వారికి చల్లనివి పడవు. నేను గ్యాస్ స్టవ్వూ కుక్కరూ పెట్టానులే. అక్కడ వేడిగా వండుకుంటాం."

"అక్కడ అంత టైముంటుందో ఉండదో వదినా."

"నీకు ఆకలి ఆగకపోతే నువ్వు తినెయ్."

దారి పొడుగునా విఠల్ గారు రాకెట్ పాఠం చెప్పారు. "చూడమ్మా, ఫస్ట్ స్టేజ్ విడిపోయి కింద పడుద్ది. పేలిపోయిందనుకుని కేకలు పెట్టకు."

"మా ఊళ్లో మేము..."

"మీ ఊళ్లో సీసాలో పెట్టి వదిలేవి చూసుంటావ్. ఇది వేరు."

కాత్యాయని నవ్వింది. పాండురంగ కూడా నవ్వాడు. నేను అతని వంక చూస్తే అతను కిటికీ వంక చూశాడు.

"పాండూ, మీ ఆవిడ బీఎస్సీ ఫిజిక్స్ అన్నావుగా?"

"అవునండీ."

"మరి నీ ప్రోగ్రాములు ఆవిడ చేత రాయించు. తప్పులన్నా తగ్గుతాయ్."

ఈసారి కూడా నవ్వాడు.

పోర్ట్ అగస్టాలో పెట్రోలు కోసం ఆగాం. డబ్బు కట్టే కిటికీకి పెద్ద కాగితం అంటించి ఉంది. ఈ జిల్లాలో ఈ రోజు ఆరుబయట నిప్పు వెలిగించడం నిషేధం, గ్యాస్ స్టవ్ కూడా. పైకి చదివి వినిపించాను.

"అది అడవులున్న చోట" అన్నారు విఠల్ గారు. "మనం పోయే చోట చెట్టే ఉండదు. ఏం తగలబడుద్ది, మట్టా?"

నిజమే, చెట్టు లేదు. కానీ మేం ఆగిన చోట ఉప్పునేలలో పెరిగే మోకాలెత్తు పొదలు ఎండిపోయి కనుచూపు మేరా ఉన్నాయి. ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి పొయ్యి ముందు నిలబడ్డట్టు కొడుతోంది. ఇంకో పాతిక కార్లు ఉన్నాయి. ఒక ముసలాయన వ్యాన్ మీద రేడియో పెట్టి అందరికీ వినిపిస్తున్నాడు. పన్నెండింటికని చెప్పి అరగంట ఆపారు. మళ్లీ అరగంట.

"ఇక అన్నం పడేస్తాను" అంది కాత్యాయని.

"వద్దు వదినా. నిషేధమని రాశారు."

"నువ్వు చదవడం అయింది, మేం వినడం అయింది. ఆ గ్లాసుతో నీళ్లు పొయ్."

నేను పోయలేదు. పాండురంగ పోశాడు.

కారు చాటున స్టవ్ వెలిగింది. పొగ లేదు, మంట గాలికి కనిపించలేదు. ఎవరూ గమనించేవాళ్లు కాదేమో కానీ కుక్కర్ విజిల్ వేసింది. ఆ మైదానంలో అది ఎంత దూరం వినిపించిందో, పాతిక కార్ల వాళ్లూ ఒకేసారి తలలు తిప్పారు. రోడ్డు దగ్గర నిలబడి ఉన్న పోలీసామె మా వైపు నడిచి వచ్చింది. అప్పటికి కాత్యాయని ఆపేసింది. కుక్కర్ ఇంకా బుసకొడుతూనే ఉంది.

పోలీసామె గొంతు పెంచలేదు. స్టవ్ ఎవరిదని అడిగింది.

విఠల్ గారు నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "చెల్లెమ్మా, నీదని చెప్పు. నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. పోలీసు కాగితం మీద నా పేరు పడకూడదు." చెల్లెమ్మా అనడం ఆ రోజుకి అదే మొదలు.

పాండురంగ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "చెప్పు శేషూ. సోమవారం గుర్తుంది కదా."

"నువ్వు చెప్పు, నీదని."

"నా పేరైతే వీసాకి ఇబ్బంది. నీ పేరుకేముంది?"

పోలీసామె ఓపిగ్గా నిలబడి ఉంది. రేడియోలో అంకెలు మొదలయ్యాయి.

"స్టవ్ ఆయనది" అన్నాను ఇంగ్లీషులో. "వెలిగించింది ఆవిడ. వెలిగించకూడదని పొద్దుటి నుంచి రెండుసార్లు చెప్పాను." ఆ మూడో మాట అక్కర్లేదు. అయినా చెప్పాను.

ఆమె విఠల్ గారి లైసెన్సు అడిగింది. ఆయన పర్సు వెతుక్కుంటున్నారు. పాండురంగ ఆమె ముందు నిలబడి, మేడమ్, మేడమ్, మాకు తెలియక, అంటున్నాడు. నేను డబ్బాలోంచి పిడికెడు పెరుగన్నం తీసుకుని కారుకి అటు పక్కకి వెళ్లాను.

ముందు వెలుగు, ఆ తర్వాత తెల్లటి గీత. చప్పుడు మాత్రం అది ఆకాశంలోకి పోయాక వచ్చింది, ఎప్పటిలాగే. మొదటి భాగం విడిపోయింది. ఎక్కడ విడిపోతుందని అనుకున్నానో అక్కడే. ముద్ద మింగేలోపు అయిపోయింది. మా నలుగురిలో చూసింది నేనొక్కదాన్నే.

మళ్లీ ఐదు గంటల దారి. మా ఇంటి ముందు దించి, విఠల్ గారు ఇంజను ఆపకుండానే అన్నారు. "పాండూ, లిస్టు నేనింకా పంపలేదు. ఆవిడకి చెప్పు."

"వింటోంది కదండీ" అన్నాడు పాండురంగ.

"నీ నోటితో చెప్పు."

అతను చెప్పాడు. నేను ఎదురుగానే ఉండగా ఆ మాటే మళ్లీ నాతో చెప్పాడు. కారు వెళ్లిపోయాక గానీ డబ్బా డిక్కీలోనే ఉండిపోయిందని గుర్తు రాలేదు.

ఆదివారం రాత్రి, "ఒక్క అబద్ధం. ఒక్కటి" అన్నాడు.

"ఇది చెప్పుంటే వచ్చే నెల ఇంకోటి చెప్పమంటారు."

"చెప్తే ఏం పోయింది నీకు?"

ఏం పోతుందో అతను శనివారమే చెప్పాడు, నీ పేరుకేముంది అని.

సోమవారం నాలుగింటికి బయట కారు ఆగి వెళ్లిపోయిన చప్పుడైంది. తలుపు తీస్తే గడప ముందు నా స్టీలు డబ్బా. పాండురంగ ఆఫీసు నుంచి రావడానికి ఇంకా గంటన్నర ఉంది. మూత తీయకముందే వాసన కొట్టింది. పెరుగన్నం రెండు రోజులు డిక్కీలో పులిసి, పొంగి, ఊరగాయ ముక్కలు పైకి తేలాయి.

ఎవరి గిన్నె వాళ్లకి ఖాళీగా తిరిగివ్వకూడదంటారు. కాత్యాయని ఖాళీగా ఇవ్వలేదు.

పెరట్లో పారబోసి, చింతపండు పెట్టి రెండుసార్లు తోమాను. వాసన పోలేదు. మూడోసారి తోముతుండగా పాండురంగ వచ్చాడు. లిస్టు సంగతి నేను అడగలేదు, డబ్బా వచ్చినప్పుడే తెలిసింది. అటక మీంచి పెద్ద సూట్‌కేసు దించమన్నాను.